కొసరు రాయి

గుడియాత్తం,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి పవిత్రకు నాయన ఆశీర్వాదాలు.

ఇక్కడ మేం కులాసా. మన రాళ్ల అంగడి కులాసా, మీ అమ్మ కన్ను కులాసా. మేడ మీద నువ్వు నాటిపోయిన కరివేప మొక్క మాత్రం నా మీద అలిగి ఆకులు రాలుస్తోంది. అక్కడ నువ్వు వేళకు తింటున్నావనీ, ఆ ప్రయోగశాల చలికి అమ్మ ఇచ్చిన శాలువ కప్పుకుంటున్నావనీ అనుకుంటున్నాను. శాలువ పాతదని సిగ్గుపడకు.

నీ ఉత్తరం అంది పద్దెనిమిది రోజులైంది. నువ్వు హాస్టలుకు పోయిన ఏడాది మొదలైన ఈ ఉత్తరాలకు ఎనిమిదేళ్లు. ఇన్నేళ్లలో వారం దాటి నేను జవాబు ఆపింది లేదు. ఫోనులో రెండుసార్లు అడిగావు, ఉత్తరం చేరలేదా అని. "చేరినాది, రాస్తా ఉండా" అన్నాను. అది అబద్ధం. రోజూ పెన్ను మూత తీయడం, మళ్లీ పెట్టేసి అంగడికి పోవడం, ఇదే నేను చేసిన పని. మొదట ఒక్క మాట చెబుతాను, పట్టించుకో. ఈ ఉత్తరం చివరిదాకా చదవనిదే ఆ రాయి మీద నువ్వు రాసిన వ్యాసాన్ని ఎక్కడికీ పంపకు. ఎందుకో చెబుతాను. కాస్త నిదానంగా చెప్పనీ.

అమ్మ కన్ను గురించి అడిగావు. వేలూరు పెద్దాసుపత్రిలో శుక్లం తీశారు. పొద్దున పోయి సాయంత్రానికి ఇంట్లో ఉన్నాం. మర్నాడు కట్టు విప్పగానే మొదట నన్ను చూసి, "ఏందండీ, ఇంత నల్లబడిపోయినారు!" అంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను కొత్తగా నల్లబడలేదనీ, పెళ్లినాటి నుంచీ ఇదే రంగనీ చెప్పినా మీ అమ్మ నమ్మడం లేదు. ఇప్పుడు గోడ మీది బల్లులన్నీ లెక్కపెడుతోంది. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేసే ఉద్యోగం నాది.

హైదరాబాదులో నీ తోటివాళ్లు నీ 'ఉండాది'ని, 'యాడ'ని పట్టుకుని ఆటపట్టిస్తున్నారని రాశావు. ఆటపట్టించనీ. బడిలో ఒక్క తెలుగు అక్షరం నేర్పని ఈ తమిళనాటి ఊళ్లో పుట్టి, రాళ్ల పొట్లాల వెనక వైపు కాగితం మీద 'అ ఆ'లు దిద్దిన పిల్లవు నువ్వు. వాళ్లకు తెలుగు బళ్లో వచ్చింది, నీకు అంగట్లో వచ్చింది, అంతే తేడా. మీ అమ్మకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు కాబట్టి మన ఉత్తరాలు బల్ల మీద పరిచి ఉన్నా ఇంట్లో రహస్యాలే. ఇప్పుడు కూడా ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, ఏ వరసలో ఉన్నానని నన్ను అడుగుతోంది.

ఇక ఆ రాయి.

నీ ఉత్తరంలో మూడు పేజీలు దాని గురించే. రాళ్లు చూసే కంటి అద్దం పెట్టి నాలుగుసార్లు చదివాను. కొత్త యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి, పేరు బాగా తెలిసిన రాయి ఏదైనా పెట్టమన్నారనీ, నీ పెన్నుల డబ్బాలో చిన్నప్పటి నుంచి ఉన్న పలుగురాయిని పెట్టావనీ, యంత్రం అది పలుగు కాదు పొమ్మందనీ రాశావు. నీటిలో తూచావు. పలుగు నీటికి రెండున్నర రెట్ల పైచిలుకు బరువుంటే, ఇది మూడు రెట్లకు కొంచెమే తక్కువ. పలుగు మీద గీస్తే పలుగుకే గీత పడింది, దీనికి ఏమీ కాలేదు. చివరికి ఫెనకైట్ అని తేలింది. మరకతంలో ఉండే బెరీలియమే దీంట్లోనూ ఉంటుందనీ, బెరీలియం, సిలికాన్, ఆక్సిజన్ తప్ప ఇంకేమీ ఉండవనీ, అభ్రకం పెద్ద పెద్ద రేకులుగా దొరికే ముతక గ్రానైటు చారల్లోనూ, రష్యాలో మరకతాలు దొరికే కొండల్లోనూ, బ్రెజిల్లో, మడగాస్కర్‌లో, బర్మాలో, సిలోన్‌లో అరుదుగా దొరుకుతుందనీ రాశావు. మూడు తరాలుగా రాశిరాళ్లు అమ్మే ఇంట్లో పుట్టి ఆ పేరు నేను విననైనా వినలేదు. గ్రీకు భాషలో ఆ పేరుకు మోసగాడు అని అర్థమట. పలుగు అనుకుని మోసపోయినవాళ్లు అలా పిలిచారట. చదువుతూ నవ్వాను. కింది పేజీకి వచ్చేసరికి నవ్వు పోయింది.

కింది పేజీలో నువ్వు రాసింది ఇది: "నువ్వు పలుగని చెప్పినాక దాన్ని మళ్లీ పరీక్ష చేసేది ఎందుకని ఇన్నేళ్లూ యంత్రం కింద పెట్టలేదు నాయనా." దాని తర్వాతే ప్రశ్నలు. నీకు ఆ రాయి దొరికిన ఒడుగత్తూరు వీరప్ప బావి ఇంకా ఉందా, బావి తవ్విన రాళ్ల గుట్ట ఏ వైపున ఉంది, రాయి దొరికింది గుట్టకు ఏ మూల. ఆ చుట్టుపక్కల ఈ రాయి దొరికినట్టు నువ్వు వెదికినంతలో ఎక్కడా రాసి లేదనీ, ఆ బావి పేరు, నీ పేరు కలిపి వ్యాసం వస్తుందనీ, వచ్చే నెల పదమూడున మీ గైడు పద్మనాభన్ సారు, ఇంకో ముగ్గురు నీతో కలిసి బండి వేసుకుని వస్తున్నారనీ రాశావు.

బావి ఉంది. గుట్ట కూడా ఉంది. పోయిన మంగళవారం నేనే వెళ్లి చూసి వచ్చాను.

నువ్వు వీరప్పకు ఫోను చేసి చెప్పిన రోజు నుంచి ఆయన నేల మీద నిలవడం లేదు. డెబ్బై అయిదేళ్ల మనిషి, తలకు తువ్వాలు చుట్టి, గుట్ట ముందు కూర్చుని రాళ్లు ఏరుతున్నాడు. నన్ను చూడగానే లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్లీ కూర్చున్నాడు.

"రాప్పా, రా. నా బావి కాడ రత్నం పుట్టినాదంట కదా! పాప చెప్పినాది. చూడు, తెల్లరాళ్లు ఈ పక్క, నల్లరాళ్లు ఆ పక్క, మెరిసేటివి గంపలో. పాప వచ్చినాక ఎండలో వంగి ఏరే పని ఉండకూడదు."

"ఎవురు చెప్పినారన్నా నిన్ను ఇదంతా చెయ్యమని?"

"ఎవురు చెప్పల్ల? ఈ బావి తవ్వినప్పుడు నీళ్లు పడలేదని ఊరంతా నవ్వినారు. ఇప్పుడు పుస్తకంలో దీని పేరు వస్తా ఉండాది. నాకు రొంబ సంతోషం అప్పా. పాప కండిప్పా వస్తాది కదా?"

తప్పకుండా వస్తుందన్నాను. ఆయన కోడలు మజ్జిగ ఇచ్చింది. నిలబడే తాగేసి గ్లాసు ఇచ్చేశాను. చెబుదామని వెళ్లినవాణ్ణి, చెప్పకుండానే బస్సెక్కి వచ్చేశాను.

ఆ సాయంత్రం అమ్మకు వేసిన చుక్కలు రెండూ చెంప మీద పడ్డాయి.

"ఏమైనాది మీకు? మందు కంట్లో వెయ్యమంటే చెవికి పోస్తా ఉండారు."

"ఏమీ లేదులే."

"నాకు ఇప్పుడు కన్ను బాగా అగపడతాది. మీ మొగం బాగాలేదు. చెప్పండి."

చెప్పేశాను. ముప్పై ఏళ్ల కాపురంలో మీ అమ్మతో చెప్పకుండా దాచిన మాట అదొక్కటే. కళ్లు మూసుకునే అంతా వింది, మందు కారిపోతుందని.

"పదారేండ్లు నాతో కూడా చెప్పకుండా ఎట్లుండగలిగినారు?"

"నువ్వు పాపతో చెప్పేస్తావని."

"కండిప్పా చెప్పేసేదాన్నే." చెంప మీది మందును కొంగుతో తుడుచుకుంది. తర్వాత అంది: "మీరు పెట్టిన రాయి మీరే తియ్యల్ల. నలుగురు పెద్దోళ్ల ముందర నా బిడ్డ తల వంచుకోకూడదు. ఫోన్లో మాత్రం చెప్పొద్దండి. మీరు ఏడ్చేది పాపకి ఇనపడకూడదు, పాప ఏడ్చేది మీకు ఇనపడకూడదు. రాయండి."

అందుకని రాస్తున్నాను. పవిత్రా, ఆ రాయి వీరప్ప బావిలోది కాదు. దాన్ని ఆ గుట్టలో పెట్టింది నేను.

నీకు పదేళ్లప్పుడు కామెర్లు వచ్చి రెండు నెలలు ఇంట్లో ఉన్నావు. పథ్యం కూడు, ఎండాకాలం, ఆడుకోవడానికి ఎవరూ లేరు. అప్పుడు మొదలుపెట్టావు రాళ్లు ఏరడం. ఇల్లు కట్టేచోట పోసిన కంకరలో, ఏటి ఇసుకలో, ఎక్కడ పడితే అక్కడ. సాయంత్రం అంగడికి తెచ్చి గల్లాపెట్టె పక్కన వరసగా పేర్చేదానివి. నేనేం చేసేవాణ్ణి? కంటి అద్దం పెట్టుకుని, పెద్ద పండితుడి మాదిరి, "ఇది పలుగు. ఇది కంకర. ఇది సీసా పెంకు" అని ఒక్కోదానికి పేరు పెట్టి పక్కకు తోసేవాణ్ణి. అంగట్లో ఉన్న బేరగాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వుతుంటే నాకు ఇంకా హుషారు. ఒకరోజు నువ్వు రాళ్లన్నీ ఒళ్లో పోసుకుని వెళ్లి కాలవలో కుమ్మరించి వచ్చావు. "ఇంక ఏరను నాయనా. నాకు దొరకవు" అన్నావు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఓదార్చి ఉండేవాణ్ణి.

ఆ వారంలోనే సురేంద్రన్ వచ్చాడు. నీకు గుర్తుండకపోవచ్చు. తిరుచ్చి నుంచి ఏడాదికి రెండుసార్లు పొట్లాలతో వచ్చే రాళ్ల వ్యాపారి. సిలోన్ సరుకు, బర్మా సరుకు, ఇంకెక్కడి సరుకో, అన్నీ ఆయన సంచిలోనే. తెల్ల పుష్యరాగాల పొట్లం ఒకటి తీసుకుంటే, సాన పట్టని తెల్లరాయి ఒకటి, బొటనవేలి కణుపంత, కొసరుగా వేశాడు. మా వ్యాపారంలో కొసరు రాయిని ఎవరూ పరీక్ష చేయరు. ఇచ్చినవాడి ఎదుటే అద్దం పెట్టి చూడడం అతని చెయ్యిని అనుమానించినట్టు. ఆయన పోయాక చూడడం మన ఆశను మనమే బయటపెట్టుకున్నట్టు. మా తాత చూడలేదు, మా నాయన చూడలేదు, నేనూ చూడలేదు. దూరం నుంచే పలుగు అనుకుని సొరుగులో వేశాను. అరచేతిలో పెట్టుకుని ఒక్కసారి బరువు చూసి ఉంటే చాలు, తెలిసేది. నేను చూడలేదు.

ఆ శుక్రవారం, వీరప్ప మన అంగట్లో చేయించుకున్న ఉంగరం ఆయనకు ఇచ్చిరావాల్సి వచ్చింది. నిన్ను కూడా తీసుకెళ్లాను. నువ్వు రానన్నావు, పొరుగూరి బస్సు ఎక్కిస్తానని ఆశపెట్టి తీసుకెళ్లాను. బావికి అప్పుడే మందు పెట్టి పేల్చారు, గుట్ట కొత్తది. నువ్వు మోటారు గది దగ్గర మేకపిల్లతో ఆడుకుంటుంటే నేను ఆ కొసరు రాయిని గుట్టకు తూర్పు మూలన రెండు బండల సందులో పెట్టి, పైన కాస్త తడిమట్టి మెత్తాను. తర్వాత నిన్ను పిలిచాను. "ఊరికే ఒక్కసారి చూడు పాపా" అన్నాను. నువ్వు ముందు పడమటి వైపు తిరిగావు. ఇటు కాదు, ఆ పక్క చూడు, ఆ పక్క చూడు అని నిన్ను తోలాను.

చివరికి దొరికింది. నీ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"నాయనా! దొరికినాది నాయనా! ఇది పలుగు కాదు, చూడు, బరువుగా ఉండాది!"

నేను చేతిలోకి కూడా తీసుకోలేదమ్మా. "పలుగే, కానీ మంచి పలుగు" అన్నాను. పలుగు అని నాకు తెలుసు కదా, పెట్టింది నేనే కదా.

మర్నాడు నువ్వు కాలవలోకి దిగి, పారేసిన రాళ్లలో దొరికినన్ని మళ్లీ ఏరుకొచ్చావు. అక్కడి నుంచి ఎక్కడిదాకా వచ్చావో నీకే తెలుసు. ప్రతి మెట్టు దగ్గరా చెప్పాలనుకున్నాను. కాలేజీలో సీటు వచ్చినప్పుడు అనుకున్నాను. ఆ కాలేజీ సభలోనే అంత ప్రసంగం చేసి "నా మొదటి రాయి ఒడుగత్తూరు బావి దగ్గర దొరికింది" అని నువ్వు చెప్పినప్పుడు, నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. చెప్పలేదు. పిల్ల సంతోషం కోసం చేసిన పనే కదా, ఎవరికి నష్టం అనుకున్నాను. ఇప్పుడు నీ పేరుతో, నీ సారు పేరుతో, లేని చోట ఒక రాయి ఉందని అచ్చు వేయబోతున్నారు. రేపు ఎవరో వెళ్లి తవ్వి, లేదని రాస్తే, అబద్ధం చెప్పింది పవిత్ర అంటారు. నాకు భయంగా ఉంది తల్లీ. నీ కోపానికి కూడా భయమే, కాని అది నాకు రావలసిందే. ఆ రాయికి పెట్టిన గ్రీకు పేరు నాకు పెట్టుకో, కాదనను.

ఆ రాయి ఏ దేశానిదో నాకు తెలియదు. సురేంద్రన్‌ను అడుగుదామంటే ఆయన పోయి ఆరేళ్లయింది. పద్మనాభన్ సారుకు ఉన్నదున్నట్టు చెప్పు. చెప్పడానికి నీకు నోరు రాకపోతే నంబరు పంపు, నేనే చెబుతాను. మా నాయన రాళ్లవాడు, రాళ్లు తెలియనివాడు అను, పరవాలేదు. రేపు పొద్దున ఈ ఉత్తరం పోస్టులో వేసి, అటు నుంచే ఒడుగత్తూరు బస్సెక్కుతాను. వీరప్పకు కూడా ఎదురుగా నిలబడే చెప్పాలి. ఆయన తిట్టినా, తిట్టకపోయినా, ఆ ఏరిపెట్టిన రాళ్లన్నీ ఆయనతో కలిసి మళ్లీ గుట్టలో పోసి వస్తాను.

నీ మొదటి రాయిని నీ చేతిలోంచి లాక్కుంటున్నానని నాకు తెలుసు. పద్దెనిమిది రోజులు నా పెన్నును పట్టుకుని ఆపింది అదే. అయితే ఒకటి చూడు. ఆ రాయి నాది, ఆ చోటు నాది, ఆ ఆట నాది. "బరువుగా ఉండాది" అన్న మాట మాత్రం నీది. మూడు తరాల వ్యాపారం తప్పు చెబితే, కామెర్ల నుంచి లేచిన పదేళ్ల పిల్ల చేతిలో పట్టుకుని సరిగ్గా చెప్పింది. ఆ పొద్దు నీ మాట విని ఉంటే, ఈ పొద్దు ఈ ఉత్తరం ఉండేది కాదు.

ఇంకొకటి ఉంది. ఈ కవరులో ఒక చిన్న పొట్లం పెట్టాను, జాగ్రత్తగా విప్పు. ఆ రోజు తూర్పు మూలకు పోకముందు, నువ్వు పడమటి వైపు నుంచి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి ఒకటి చేతిలో పెట్టావు. చింతగింజంత ఉంది, నల్లగా, ఎండకు పెడితే లోపల ఎక్కడో ఎరుపు. "ఇది చూడు నాయనా" అన్నావు. నా ధ్యాసంతా నేను పెట్టిన రాయి మీదే. "అదేం కాదు, ఆ పక్క చూడు" అని నిన్ను పంపేశాను. నువ్వు దాన్ని మర్చిపోయావు. కాని నా చేతిలో పెట్టింది నువ్వు కదా, పారేయడానికి మనసు రాలేదు, చొక్కా జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చి ఈ పొట్లంలో మడిచి, తేదీ వేసి, గల్లాపెట్టె అడుగున పెట్టాను. పైన ఉన్న తేదీ ఆ రోజుదే.

పదహారేళ్లలో ఒక్కసారి కూడా అద్దం పెట్టి చూడలేదు. ఇప్పుడు కవరులో పెట్టేటప్పుడు మాత్రం అరచేతిలో పెట్టుకుని చూశాను. బరువుందో లేదో, నా చేతికి ఏమీ తెలియలేదు. అది ఉత్త రాయే కావచ్చు. ఏదైనా కానీ, ఈసారి పేరు నువ్వే చెప్పు. బావికి పడమటి వైపు, గుట్ట మొదట్లో నువ్వే ఏరావు. దాన్ని అక్కడ ఎవరూ పెట్టలేదు.

ఇట్లు,
నీ జవాబు కోసం అంగడి గడపలోనే కూర్చుని ఉండే
మీ నాయన,
చంద్రశేఖరం